బెజవాడ, సికింద్రాబాదు, వాల్తేరు: మన పెద్ద స్టేషన్ల పుట్టుక, స్వభావం

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, సభలో ఉన్న మీ అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం పెద్ద రైల్వే స్టేషన్ల చరిత్ర, వాటి స్వభావం. దేశంలోని స్టేషన్లన్నిటినీ చుట్టి రావడం ఒక గంటలో అయ్యే పని కాదు గనుక, తెలుగు నేల మీది మూడు నాలుగు స్టేషన్ల దగ్గరే ఆగి, వాటిని కొంచెం నిదానంగా చూద్దామని వచ్చాను.

విజయవాడకు టిక్కెట్టు కొన్న వాళ్ళంతా దాని మీద ఊరి పేరుకు గుర్తుగా వేసే మూడు ఇంగ్లీషు అక్షరాలను చూసే ఉంటారు: బీ, జెడ్, ఏ. ఊరు విజయవాడ అయి ఎన్నో దశాబ్దాలు గడిచాయి, కానీ రైల్వే లెక్కల్లో అది ఇప్పటికీ బెజవాడే. మద్రాసు సెంట్రల్ సంగతి కూడా ఇంతే. ఆ స్టేషను మొదట చెన్నై సెంట్రల్ అయింది, 2019 నుంచి పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్ అయింది, కానీ టిక్కెట్టు మీద నేటికీ ఎం, ఏ, ఎస్ అనే మద్రాసు అక్షరాలే పడుతున్నాయి. మన వాల్తేరుకు ఆ అదృష్టం దక్కలేదు. స్టేషను పేరు విశాఖపట్నంగా మారినప్పుడు అక్షరాలు కూడా మారిపోయాయి. వాల్తేరు పేరు డివిజనుకు మాత్రం మిగిలింది, దానినీ విశాఖపట్నం డివిజనుగా మార్చాలని 2025లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. పేర్ల దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. స్టేషను తన పుట్టుకను తనలోనే ఎక్కడో దాచుకుని ఉంటుంది. చాలాసార్లు ఆ ఆనవాలు మనకు గోడల మీద కనబడదు. పట్టాల వంపులోనో, బండి ఆగే తీరులోనో, టిక్కెట్టు మీది మూడు అక్షరాల్లోనో దొరుకుతుంది. ఆ పట్టాలు ఎవరి అవసరం కోసం, ఎవరి డబ్బుతో, ఏ దిక్కు నుంచి వచ్చాయో తెలుసుకుంటే ఆ స్టేషను అలా ఎందుకుందో అర్థమవుతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడిచింది. 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణాదిలో మొదటి బండి నడిచింది. ఇంకో ఆరేళ్ళకు, 1862లో, పుత్తూరు రేణిగుంటల మధ్య వేసిన పట్టాల మీదుగా రైలు మన నేలమీదికి వచ్చింది. అక్కడినుంచి కడప, గుత్తి మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు చేరుకుని, బొంబాయి నుంచి దిగివచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. అంటే రైలు కూతను ముందుగా విన్నది రాయలసీమ. నీళ్ళూ పంటలూ ఉన్న కృష్ణా గోదావరి డెల్టాలకు ఆ భాగ్యం ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళకు గాని రాలేదు. ఇది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది గనుక ఇక్కడ కాస్త ఆగుతాను.

డెల్టాలకు రైలు ఆలస్యం కావడానికి ముఖ్యమైన కారణం అక్కడ కాలువలు ఉండటమే. నందన సంవత్సరపు కరువులో, అంటే 1832-33లో, గుంటూరు సీమ శ్మశానమైపోయిన తరువాత గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర, కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్టలు లేచాయి. కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. వాటి కింద తవ్విన కాలువలు పొలాలకు నీరిచ్చేవి, పడవలకు దారినిచ్చేవి. కాకినాడలో పడవ ఎక్కిన సరుకు గోదావరి కాలువల మీదుగా ఏలూరుకు, అక్కడినుంచి ఏలూరు కాలువలో బెజవాడకు, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా, ఆపైన బకింగ్‌హాం కాలువలో మద్రాసు వరకు నీటి మీదే వెళ్ళగలిగేది. ఆర్థర్ కాటన్ జీవితాంతం వాదించిన మాట ఇదే: ఈ దేశానికి రైలు కన్నా కాలువ చవక, కాలువ బండిలాగా బరువూ మోస్తుంది, పైగా పంటా పండిస్తుంది. లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆయన ఈ పక్షమే నిలబడ్డాడు. ఆ వాదం చివరికి ఓడిపోయింది. అయినా డెల్టాలో పడవలు నడిచినన్నాళ్ళూ అక్కడ రైలు కోసం ఎవరూ తొందరపడలేదన్నది మాత్రం నిజం.

కాబట్టి రైలు రాకముందే బెజవాడ కూడలి. ఒకపక్క ఇంద్రకీలాద్రి, అవతలిపక్క సీతానగరం కొండ. ఆ రెండిటి మధ్య కృష్ణ ఇరుకుగా ప్రవహించే చోటు అది. ఆనకట్ట కట్టడానికి ఏ ఇరుకు పనికివచ్చిందో, తరువాత రైలు వంతెన కట్టడానికీ ఆ ఇరుకే పనికివచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఆ ఊళ్ళోనుంచే పాయలుగా విడిపోతాయి. నేటికీ విజయవాడ స్టేషనులో దిగి ఏ దిక్కుకు నడిచినా కొద్దిసేపట్లోనే ఏదో ఒక కాలువ వంతెన ఎక్కాల్సిందే. నా దృష్టిలో విజయవాడ స్టేషను చరిత్రకు మొదటి పుట ఆ కాలువగట్లే.

అక్కడికి మూడు వైపుల నుంచి మూడు రైలు దారులు వచ్చాయి. ఆ మూడూ మూడు వేర్వేరు కారణాలతో వచ్చాయన్నది ఈ స్టేషను కథలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి.

మొదటి దారి కరువు వేసిన దారి. 1876-78లో రాయలసీమను, బళ్ళారి సీమను ధాత కరువు ఊడ్చేసింది. ఆ తరువాత ఏర్పడిన కరువు కమిషను, తిండిగింజలున్న చోటి నుంచి లేని చోటికి వేగంగా చేరవేయడానికి రైలు దారులు కావాలని చెప్పింది. అలా వచ్చిన వాటిలో ఒకటి బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలలోకి దూరి, చలమ–బొగడ స్టేషన్ల మధ్య దొరబావి లోయను ఎత్తయిన ఇనుప వంతెన మీద దాటి, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరుల మీదుగా ఆ మీటరు గేజి దారి కృష్ణ ఒడ్డుకు చేరింది. 1888లో బెజవాడ స్టేషను కట్టించింది ఈ దారిని నడిపిన సదరన్ మరాఠా రైల్వే. గింజలు పండే డెల్టాను గింజలు లేని సీమతో ముడివేయడానికి పుట్టిన స్టేషను అది. ఈ సంగతి అక్కడ ఎక్కడా రాసి లేకపోవడం నన్ను బాధపెడుతుంది.

రెండోది నిజాం దారి. సికింద్రాబాదు నుంచి వరంగల్లు, డోర్నకల్లు మీదుగా 1889లో బెజవాడ చేరింది. దీని వెనక ఉన్నది బొగ్గు. దాని సంగతి మళ్ళీ వస్తాను. మూడోది తూర్పు తీరపు దారి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య బెజవాడ నుంచి ఒరిస్సాలోని కటకం వరకు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. కృష్ణ మీద వంతెన 1893లో వచ్చింది. 1899 నవంబరు 1 నుంచి బెజవాడ మద్రాసుల మధ్య బ్రాడ్ గేజి దారి నడిచింది. గోదావరి మాత్రం ఇంకా లొంగలేదు. కొవ్వూరు దగ్గర దిగి పడవల మీద నది దాటి రాజమండ్రిలో మళ్ళీ బండి ఎక్కే రోజులు 1900 వరకు నడిచాయి. ఆ ఏడాది ఆగస్టు 30న 56 స్పాన్ల హేవ్‌లాక్ వంతెన తెరిచారు. మా నాయనమ్మ తరం వాళ్ళు గోదావరి మీద బండి వెళ్తుంటే కొంగు సర్దుకుని, నదికి చేతులు జోడించి, కిటికీలోంచి కాణీయో అర్ధణాయో వదిలేవారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వంతెనలే మారాయి. 1974లో రోడ్డుతో కలిపిన వంతెన వచ్చింది, తరువాత విల్లు వంపుల వంతెన వచ్చింది, 1997లో హేవ్‌లాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

కరువు దారి, బొగ్గు దారి, తీరపు దారి. ఈ మూడూ ఒకేచోట కలవాలని ముందుగా ఎవరూ గీసిన పటం లేదు. ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు వచ్చారు, నది ఇరుకైన చోట కలుసుకున్నారు. విజయవాడ స్టేషను ఈ రోజు ఎలా ఉందో చూడండి. సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా వచ్చి విశాఖ వైపు వెళ్ళే బండి విజయవాడలో ఇంజను తీసి వెనకవైపు తగిలించుకుని, అంతవరకు తోకగా ఉన్న పెట్టె తలగా బయలుదేరుతుంది. ఖమ్మం నుంచి వచ్చే దారి, ఏలూరు వెళ్ళే దారి రెండూ స్టేషనుకు ఉత్తరపు కొసలోనే ఉండటం దీనికి కారణం. నిజాం దారి వచ్చేనాటికి తీరపు దారి ఇంకా పుట్టలేదు, నేరుగా కలపాలన్న ఆలోచనకు ఆస్కారమే లేదు. ఊరి బయటే మళ్ళిపోయే అడ్డదారి వేసి కొన్ని బండ్లను రాయనపాడు మీదుగా పంపుతున్నా, స్టేషనులోకి వచ్చే బండి మాత్రం 1889 నాటి క్రమాన్ని పాటించాల్సిందే. "అవుటర్‌లో ఆపేశాడండీ" అని ప్రయాణికులు విసుక్కునే ఆ అరగంటలో కూడా ఈ చరిత్రకు కొంత వాటా ఉంది. మూడు దిక్కుల బండ్లు పది ప్లాట్‌ఫారాల మీదికి రావాలి, అందులో కొన్ని వెనుదిరిగి పోవాలి.

గేజిలు వేరైన చోట ఇంకో లోకం ఉండేది. బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటరు గేజి పేరులోనే చెప్పినట్టు 1,000. ఒకదాని మీది బండి ఇంకోదాని మీద నడవదు. అందుకని మిరపబస్తా అయినా, ధాన్యం బస్తా అయినా, పెళ్ళివారి పెట్టె అయినా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. బెజవాడ, గుంతకల్లు, సికింద్రాబాదు స్టేషన్ల చుట్టూ ఎన్నో కుటుంబాలు ఈ దించుడు ఎక్కుడు పని మీదే బతికాయి. గేజి మార్పిడి దేశానికి మేలు చేసింది, అందులో సందేహం లేదు. అయితే ఆ పని చేసిన కలాసీల, హమాలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

విజయవాడ స్టేషనులో మనిషి స్థిరంగా ఉండడు. మద్రాసు సెంట్రలూ మన నాంపల్లీ చివరి స్టేషన్లు. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, ముందు గోడ, దాని వెనక ఊరు. అలాంటి చోట దిగిన మనిషికి ఊరు చేరానన్న భావం కలుగుతుంది. మద్రాసు సెంట్రల్‌కు 1873లో జార్జి హార్డింగ్ రూపురేఖలు గీస్తే, తరువాత రాబర్ట్ చిషోమ్ గడియారపు గోపురాన్ని చేర్చాడు. ఆ గోపురం కనబడగానే రాజధానికి వచ్చామని 1953 వరకు లక్షల తెలుగువాళ్ళు అనుకున్నారు. విజయవాడలో అలాంటి చేరిక లేదు. అక్కడ ఎక్కువమంది బండి మారడానికే దిగుతారు. అందుకే ఆ స్టేషనుకు తిండి ముఖ్యం, నీళ్ళు ముఖ్యం, పుస్తకాల కొట్టు ముఖ్యం. నా చిన్నతనంలో గుంటూరు నుంచి వచ్చి తెల్లవారుజామున అక్కడ దిగి, మా నాన్నగారి కండువా పరుచుకుని ఎన్నోసార్లు తరువాతి బండి కోసం పడుకున్నాను. కళ్ళు తెరిచే లోపల నాలుగు యాసలు చెవిన పడేవి: పక్కన శ్రీకాకుళం, అటు నెల్లూరు, ఆ వెనక ఖమ్మం, నీళ్ళ పంపు దగ్గర కర్నూలు. తెలుగు ఇన్ని రకాలుగా పలుకుతుందని నేను బడిలో కన్నా ముందు ఆ ప్లాట్‌ఫారం మీద తెలుసుకున్నాను.

అంతకు ముందు తరానికి ఆ ప్లాట్‌ఫారం ఇంత ఉదారంగా ఉండేది కాదన్నది కూడా చెప్పాలి. బ్రిటిషు కాలంలో పెద్ద స్టేషన్లలో హిందువులకు వేరు, ముస్లింలకు వేరు నీళ్ళు, వేర్వేరు భోజనశాలలు. మూడో తరగతి ప్రయాణికుడి అవస్థల గురించి గాంధీగారు 1917లో ప్రత్యేకంగా రాశారు. బెజవాడకు ఇంకో సరిహద్దు కూడా ఉండేది. సికింద్రాబాదు బండి ఎర్రుపాలెం దగ్గర నిజాం రాజ్యంలోకి ప్రవేశించేది. అటు హాలీ సిక్కా, ఇటు బ్రిటిషు రూపాయి. అటు కరోడ్‌గిరీ వాళ్ళు, అంటే నిజాం సుంకం అధికారులు, మూటలు విప్పించి చూసేవారు. 1947-48లో నిజాం రాజ్యం అట్టుడికినప్పుడు ఎందరో కట్టుబట్టలతో ఈ దారినే బెజవాడకు వచ్చిపడ్డారు.

ఇప్పుడు ఆ దారికి అవతలి కొస చూద్దాం.

సికింద్రాబాదు 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన బ్రిటిషు సైనిక స్థావరం. బొంబాయి మద్రాసు ప్రధాన మార్గం హైదరాబాదుకు దూరంగా, వాడి, రాయచూరుల మీదుగా పోయింది. ఆ మార్గం నుంచి కంటోన్మెంటుకు ఒక దారి కావాలని బ్రిటిషు ప్రభుత్వం కోరుకుంది. సైన్యం వేగంగా కదలాలన్నది వాళ్ళ ముఖ్యమైన అవసరం. డబ్బు మాత్రం నిజాం ప్రభుత్వం పెట్టాలి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో ఈ ఒప్పందం కుదిరి, 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాదుకు బండి నడిచింది. అందుకే హైదరాబాదు రాజ్యపు పెద్ద స్టేషను చార్మినారుకు దూరంగా, హుస్సేన్‌సాగరుకు అవతల, దండు ఉన్న చోట వెలిసింది. రాజధాని నగరానికి నాంపల్లి స్టేషను భవనం 1907లో గాని రాలేదు. ఈ రోజుకీ "హైదరాబాదు వెళ్తున్నాం" అని బయలుదేరిన పల్లెటూరి మనిషి సికింద్రాబాదులోనే దిగుతాడు. అతని ప్రయాణాన్ని నూటయాభై ఏళ్ళనాటి సైనిక అవసరం ఇంకా నిర్దేశిస్తూనే ఉంది.

ఈ దారిని తూర్పుగా పొడిగించే పథకం హైదరాబాదులో పెద్ద గొడవకు కారణమైంది. 1883లో దీన్ని చాందా రైల్వే పథకం అన్నారు. ఒకవైపు చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు, ఇంకోవైపు బెజవాడకు దారి. లండన్ కంపెనీకి అప్పగించాలి, లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు ఇంత శాతం ముట్టజెబుతామని నిజాం ప్రభుత్వం హామీ ఇవ్వాలి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులో 'గ్యారంటీడ్' అంటే అర్థం ఇదే: ఆ పూచీ ఖజానాది, అంటే చివరికి రైతుది. ఈ ఒప్పందంలోని షరతులను ప్రజల ముందు పెట్టాలని కొందరు చదువుకున్నవాళ్ళు అడిగారు. వాళ్ళలో అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఒకరు. హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాది వేసినవారు, సరోజినీ నాయుడుగారి తండ్రి. అడిగినందుకు ఆయన్ను ఉద్యోగం నుంచి తొలగించి రాజ్యం నుంచి పంపించివేశారు. హైదరాబాదు రాజ్యంలో ప్రజలు బహిరంగంగా ప్రభుత్వాన్ని నిలదీసిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. అది రైలు దారి ఖర్చు గురించి జరిగింది. స్టేషన్ల చరిత్ర అంటే కమానులు, గోపురాల చరిత్ర అనుకునేవారికి నేను ఎప్పుడూ ఈ ఘట్టాన్నే గుర్తుచేస్తాను.

పథకం ఆగలేదు. దారి 1886లో వరంగల్లు చేరింది, 1888లో డోర్నకల్లు నుంచి సింగరేణి గ్రామం వైపు కొమ్మ వేసింది, మరుసటి ఏడాది బెజవాడ ముట్టింది. ఇల్లందు బొగ్గు బయటికి రావడానికి ఆ కొమ్మే ఆధారం. ఇంజన్లు తినేది బొగ్గు, ఆ బొగ్గును మోసేది ఇంజన్లు. అలా డోర్నకల్లు లాంటి చిన్న ఊరు జంక్షను అయింది. చాందా వైపు దారికి మాత్రం దాదాపు నలభై అయిదేళ్ళు పట్టింది. కాజీపేట బల్లార్షాల మధ్య లోటు పూడిన తరువాతే ఢిల్లీ మద్రాసు నేరుగా కలిశాయి, 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచింది.

కాచిగూడ వేరే స్వభావం. 1916లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన ఆ భవనం ముందు నిలబడితే గుమ్మటాలు, చిన్న మినారులు, పొడవాటి వరండాలు కనిపిస్తాయి. నిజాం రైల్వే ప్రధాన కార్యాలయాన్ని అందులో పెట్టారు. రైల్వే యజమానులు తమ దర్జా చూపించుకోవడానికి కట్టుకున్న భవనం అని చూడగానే తెలుస్తుంది. గోదావరి లోయ మీదుగా మన్మాడుకు పోయే మీటరు గేజికి, పాలమూరు వైపు దిగే దారికి అది గుండెకాయ. సికింద్రాబాదు దండు కోసం పుడితే, కాచిగూడ పాలన కోసం పుట్టింది. మూడు స్టేషన్లలో అందమైనది ఏదని అడిగితే నేను సంకోచించకుండా కాచిగూడ పేరే చెబుతాను. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతుల్లోంచి రైల్వేను తీసుకుంది. 1951లో అది భారత ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, కేంద్ర కార్యాలయం సికింద్రాబాదుకు వచ్చింది.

వాల్తేరుకు వస్తే, అక్కడ కూడా బండి తల తిప్పుకుంటుంది. హౌరా నుంచి వచ్చే దారి, విజయవాడ నుంచి వచ్చే దారి రెండూ ఒకే కొస నుంచి స్టేషనులోకి ప్రవేశిస్తాయి. కొండలకూ రేవుకూ మధ్య ఇరుక్కున్న ఊరు, ఆ అవతల పట్టాలకు చోటు లేదు. హైదరాబాదు వైపు నుంచి కలకత్తా వైపు వెళ్ళే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్న ప్రయాణికుడు విజయవాడలో ఒకసారి, విశాఖలో ఇంకోసారి దిక్కు మారతాడు. మొదటిసారి వెళ్ళే పిల్లలు బండి వెనక్కి పోతోందని కంగారుపడటం నేను ఎన్నిసార్లో చూశాను.

వాల్తేరు ఇద్దరు యజమానుల సరిహద్దు. 1900 తరువాత తీరపు దారిని రెండుగా పంచి, ఉత్తరభాగాన్ని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు, దక్షిణభాగాన్ని మద్రాసు రైల్వేకు ఇచ్చారు. వాల్తేరు కలకత్తా వైపు చూసే స్టేషను అయింది. 1931లో రాయపూర్ విజయనగరం దారి పూర్తయింది, 1933లో విశాఖ రేవు తెరుచుకుంది, మధ్యపరగణాల ఖనిజానికి సముద్రపు దారి దొరికింది. ఆ కలకత్తా బంధం వల్లనే ఉత్తరాంధ్ర నుంచి వేలమంది ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వెళ్ళారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో తెలుగు బడులు, తెలుగు పండుగలు, మూడు నాలుగు తరాల తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఖరగ్‌పూర్ అంటే ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫారం అని మేం బడిలో చదువుకున్నాం. 1,072 మీటర్ల ఆ రికార్డును తరువాత గోరఖ్‌పూర్, హుబ్బళ్ళి దాటేశాయి. నాకు మాత్రం ఖరగ్‌పూర్ అనగానే వి.వి. గిరిగారు గుర్తుకొస్తారు. 1928లో ఉద్యోగాలు పోయిన కార్మికుల తరఫున బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఆయన నడిపిన అహింసాయుత సమ్మె, భారత రైల్వే కార్మికుల చరిత్రలో పెద్ద విజయం. తరువాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. పెద్ద స్టేషను పెద్దదయ్యేది అక్కడ పాయింట్లు మార్చేవాడు, బొగ్గు వేసేవాడు, గార్డు, గ్యాంగ్‌మన్ ఉండబట్టే. వాళ్ళకోసం నిలబడినవారి కథ కూడా స్టేషను కథలో భాగమే.

'రోడ్డు' స్టేషన్ల గురించి ఒక్క మాట. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డు ఉన్న స్టేషను ఆముదాలవలసలో ఉంది, శ్రీకాకుళం అక్కడికి పదమూడు కిలోమీటర్లు. భద్రాచలం రోడ్డు స్టేషను కొత్తగూడెంలో ఉంది, రాముడి గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు పోవాలి. పట్టాలు రాలేకపోయిన ఊళ్ళ పేర్లను స్టేషన్లు అలా మోస్తున్నాయి. ఆ రెండు అక్షరాలు చూసి చాలా పొరపాటుపడ్డవాళ్ళూ ఉన్నారు, ముసలి తల్లిదండ్రులను తీసుకుని దిగి ఇంకా ఎంతో దూరం ఉందని తెలిసి నీరసించినవాళ్ళూ ఉన్నారు.

ఇక నా మనసులో ఉన్న ఆందోళన చెబుతాను. 2023 ఆగస్టు 6న ఒకేరోజు దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. సికింద్రాబాదుకు అంతకు ముందే, 2023 ఏప్రిల్ 8న, శంకుస్థాపన చేశారు. మనకు ఎన్నో ఏళ్ళుగా పరిచయమున్న దాని ముఖద్వారాన్ని 2025లో తొలగించారు. రద్దీని పంచుకోవడానికి చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న తెరుచుకుంది. ఈ పనులు అవసరం. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మెట్ల బదులు లిఫ్టు కావాలి, ఎండలో నిలబడేవాడికి పైకప్పు కావాలి, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. ఆ విషయంలో నేను ఎప్పుడూ పాత గోడల పక్షం కాను. కానీ కొత్త భవనాల నమూనాలు చూస్తుంటే అద్దాల గోడలు, విమానాశ్రయం పోలికలు, ఏ ఊరిదో చెప్పలేని ముఖాలు కనిపిస్తున్నాయి. కాచిగూడను చూసినవాడు అది హైదరాబాదుదని చెప్పగలడు. రేపు కట్టబోయే దాన్ని చూసి ఆ మాట చెప్పగలమా?

నేను కోరేది చాలా చిన్నది. విజయవాడ స్టేషనులో, తారాపేట వైపు గాని గాంధీనగర్ వైపు గాని, ఒక గోడ మీద పెద్ద పటం ఒకటి గీయించాలి. నందన కరువు, ఆనకట్ట, మూడు కాలువలు, ధాత కరువు, బళ్ళారి నుంచి వచ్చిన దారి, నిజాం బొగ్గు దారి, కటకం దారి, మద్రాసు దారి, వాటి ఏళ్ళతో సహా. బండి మారడానికి రెండు గంటలు కాచుకుని కూర్చునే మనిషికి అంతకు మించిన చదువు ఎక్కడ దొరుకుతుంది? సికింద్రాబాదులో 1883 గొడవ గురించి నాలుగు వాక్యాలు రాయించాలి. విశాఖలో వాల్తేరు పేరున్న పాత బోర్డు ఒకటైనా దొరికితే, దాన్ని తుక్కుకింద అమ్మకుండా ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాలి.

కాగితం మీద లేనిది ఇంకా ఎక్కువ ఉంది. గంట కొట్టి బండిని పంపిన రోజులు, ఆవిరి ఇంజనుకు నీళ్ళు పట్టిన రోజులు, రన్నింగ్ రూములో డ్రైవర్లు వండుకున్న వంటలు, మీటరు గేజి నుంచి బ్రాడ్ గేజికి బస్తాలు మార్చిన భుజాలు, ఇవన్నీ మనుషుల జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఈ సభలో రైల్వేలో పనిచేసి విరమించినవారు ముందు వరుసలోనే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారని అధ్యక్షులవారు మొదట్లో చెప్పారు. ప్రశ్నలు తరువాత తీసుకుందాం. ముందు ఆ పెద్దలలో ఒకరు వేదిక మీదికి వచ్చి, బెజవాడ యార్డులో తాము చూసినది చెబితే, నేను కింద కూర్చుని రాసుకుంటాను.